విశ్రాంతిలో ఫస్ట్ క్లాస్

ఆదివారం పొద్దున్న ఆరు కాకముందే జానకిరామయ్య సుచిత్ర చౌరస్తాలో నిలబడ్డాడు. పాత లుంగీ, వెలిసిపోయిన చొక్కా, అరిగిన స్లిప్పర్లు. మేడ్చల్‌లో మందుల కంపెనీకి ప్లానింగ్ మేనేజరంటే ఎవరూ నమ్మరు. నమ్మకూడదనే ఆ వేషం.

నాలుగు నెలలుగా ఆయనకు సరైన నిద్ర లేదు. మాత్ర వేసుకున్నా మూడు గంటలే.

"ఇంక మాత్రలు పెంచలేనండీ. విశ్రాంతి తీసుకోవడం నేర్చుకోండి. లేకపోతే ఆసుపత్రి మంచం మీద నేనే పడుకోబెడతాను," అని డాక్టర్ తేల్చేశాడు.

నేర్చుకోవాలంటే క్లాసుండాలి కదా! వెతగ్గా వెతగ్గా శామీర్‌పేట దగ్గర అలియాబాద్‌లో, ఓ తోటలో రెండు రోజుల విశ్రాంతి శిబిరం దొరికింది. కరపత్రంలో రూల్సున్నాయి. ఆదివారం ఆరింటికి సుచిత్ర చౌరస్తాలో శిబిరం బండి ఎక్కాలి. పాత బట్టల్లో రావాలి. సెల్‌ఫోన్ తేకూడదు. హోదా చెప్పుకోకూడదు. మట్టిలో పనిచేస్తే మనసు తేలికపడుతుంది. జానకిరామయ్య అన్నీ బట్టీ పట్టాడు. వీలైతే శిబిరంలో ఫస్టు రావాలని కూడా అనుకున్నాడు.

ట్రాలీ ఆటో వచ్చి ఆగింది.

"అలియాబాద్ తోటకేనా అండీ?"

"ఆ, గా తోటకే. జల్దీ ఎక్కు," అన్నాడు డ్రైవర్ పక్కనున్న పరమేశ్ అనే మనిషి.

వెనక అప్పటికే ఎనిమిది మంది ఉన్నారు. ఎవరూ హోదా చెప్పుకోలేదు. కునుకు తీస్తున్న లావుపాటాయన బ్యాంకు మేనేజర్ అయ్యుంటాడని జానకిరామయ్య అంచనా వేశాడు. ఇంకా మొదలే కాలేదు, అప్పుడే నిద్రా! కాస్త కుళ్ళుకున్నాడు కూడా.

తోటలో పరమేశ్ ఆయన చేతికి గడ్డపార ఇచ్చాడు. పదో పోటుకే అది జారి ఆయన చెప్పునే చీల్చింది.

"ఓ పెద్దమనిషీ! నీతోని గాదు గని, పోయి బుచ్చవ్వ ఎంబడి కలుపు తియ్!"

మొదటి పరీక్షలోనే తప్పినందుకు జానకిరామయ్యకు తల కొట్టేసినట్టయింది.

బుచ్చవ్వకి అరవై దాటి ఉంటాయి. టమాటా సాళ్ళలో ఆవిడ చేతులు చకచకా ఆడుతున్నాయి. ఆయన పక్కన గొంతుక్కూర్చుని వినయంగా అడిగాడు.

"ఎన్ని సాళ్ళు చేస్తే ప్రశాంతత వస్తుందమ్మా?"

"ఏందీ?"

"అదే... మనసు నిమ్మళించడానికి."

"గీ సాళ్లన్నీ అయిపోతే నిమ్మళమే. నోరు మూసుకొని పీకు బిడ్డా. అరెరే, గది కలుపు గాదు, టమాట!"

గంటకో సాలు అని టార్గెట్ పెట్టుకున్నాడు. పదకొండింటికి లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాలన్న సంగతి కూడా మరిచిపోయాడు.

మధ్యాహ్నం బుచ్చవ్వ తన జొన్నరొట్టెలో సగం తుంచి, పచ్చిమిర్చి తొక్కు వేసి ఇచ్చింది.

"తిను. నీ ముఖం జూస్తే నాల్గు దినాల సంది తిననోని లెక్కున్నవ్."

తిన్నాడు. చింతచెట్టు నీడలో నడుం వాల్చాడు. అంతే.

"లే! మూడయితాంది! గిది పండుకునే జాగనా?"

కళ్ళు తెరిస్తే నెత్తి మీద పరమేశ్. జానకిరామయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు గంటలు! మాత్ర లేకుండా! లేచి పరమేశ్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"గీనెవడ్రా, మస్తు పరేషాన్ జేస్తుండు," అని పరమేశ్ చేతులు గుంజుకున్నాడు. సాయంత్రం సుచిత్రలో దింపుతూ, "దండం బెడత గని, నువ్వు రేపు రాకే," అన్నాడు.

రెండు రోజుల కోర్సు ఒక్కరోజుకే పూర్తి చేశానన్నమాట! జానకిరామయ్య ఛాతీ పొంగింది.

ఇంటి గుమ్మంలోనే భార్య శేషారత్నం ఎదురొచ్చి ఏదో అనబోయింది. ఆయన అననిస్తేగా?

"శేషూ, నిద్రపోయానే! గురక పెట్టి మరీ! ఆ శిబిరం నడిపేవాళ్ళు దేవుళ్ళు. రేపే మా ఆఫీసులో అందరి పేర్లూ రాయిస్తాను."

శేషారత్నం ఆయన్ని మట్టికాళ్ళ నుంచి తల దాకా చూసి అంది:

"వాళ్ళ బస్సు అరగంట ఆగినా మీరు రాలేదని ఆ దేవుళ్ళు పొద్దుట్నుంచీ ఫోన్లు చేస్తూనే ఉన్నారండీ!"