ఎల్లొత్తాం

నేరేళ్లవలస స్టేషన్లో ఇప్పుడు మనుషులు పనిచేయరు. ఎక్కేవాళ్లు వెళ్తున్నామని అక్కడి మాట్లాడే యంత్ర స్తంభానికి చెబితేనే రైలు ఆగుతుంది. పాము కరిచిన మా ఆయన కూర్మయ్య తలను ఒడిలో పెట్టుకుని ఆ స్తంభం ముందు కూర్చున్నాను. ఆయన రెప్పలు వాలిపోతున్నాయి.

“వెళ్తున్నారా, వస్తున్నారా?” అని స్తంభం అడిగింది.

“ఆసుపత్రికి ఎల్లొత్తాం బాబూ.”

“వచ్చేవారి కోసం రైలు ఆగదు.”

దూరంగా కూత వినిపించింది.

“పోతన్నామని సెప్పేయే,” అన్నాడాయన.

“నిన్ను ఒళ్లో ఎట్టుకుని ఆ మాటెలాగంతానయ్యా? ఎల్లొత్తాం బాబూ, ఎల్లొత్తాం.”

“వచ్చేవారి కోసం రైలు ఆగదు.”

ఆయన అతికష్టం మీద స్తంభం వైపు తల తిప్పాడు.

“పోతన్నాను.”

పచ్చదీపం వెలిగింది. ఆయన తల నా ఒడిలో బరువెక్కింది. రైలు ఆగి, తలుపులు తెరుచుకున్నాయి.

“ఒకరు వెళ్తున్నారు,” అని స్తంభం ప్రకటించింది.