నీలం పూల గోడ

"ఇంటి నుంచి పనా? కుదరదమ్మా," అంటూ మేనేజర్ దరఖాస్తును వెనక్కి తోశాడు.

"కీళ్లవాతం సార్. పొద్దున్నే బస్సులో నిలబడి వస్తే మధ్యాహ్నానికి పెన్ను పట్టలేను," అంది ప్రూఫ్‌రీడర్.

"కరోనాలో అందరికంటే ఎక్కువ పేజీలు దిద్దారుగా! అప్పుడు లేదా ఈ వాతం?"

"ఉంది. పడుకుని దిద్దాను."

"పడుకుని ఉద్యోగం చేస్తారా ఎవరైనా?"

ఆమె కళ్లజోడు సర్దుకుంది. "వీడియో మీటింగుల్లో మీ వెనక నీలం పూల గోడ ఉండేది, గుర్తుందా సార్?"

"అయితే?"

"మీరు తల తిప్పినప్పుడల్లా ఆ గోడ ముడతలు పడేది. గోడ ముడతలు పడదు, దిండు గలీబు పడుతుంది సార్."

"ఇంకెవరూ కనిపెట్టలేదే!"

"తప్పులు పట్టడం నా ఉద్యోగం కదా."

మేనేజర్ బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని లేచి, వెళ్లి తలుపు మూశాడు.

"పదకొండేళ్లుగా నడుము నొప్పి. పైవాళ్లకి తెలిస్తే ఈ కుర్చీ ఉంచరు. అందుకే చెప్పలేదు."

"నేనూ అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు సార్."

అతను కూర్చోకుండానే దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. కాగితం మాత్రం వదల్లేదు.

"ఇందులో తప్పుల్లేవు కదా?"

"ఒక్కటీ లేదు."

"అయితే నాకూ ఇలాంటిదే రాసిపెట్టండి. మనిషి పేరు, రోగం పేరు మార్చండి, చాలు."