తప్పిన స్వరం

"ఇంకోసారి పాడక్కా," అన్నాడు ఆండ్రూ, ట్యాబ్ మీంచి కళ్ళు తీయకుండా.

నవోమి తండ్రి చెవి దగ్గరికి వంగి పాడింది. ఆయనే రాగం కట్టిన ఈస్టర్ పాట. అమీర్‌పేట చర్చిలో ఏళ్ల తరబడి క్వయర్ పాటగాళ్ళని గడగడలాడించిన జ్ఞానరాజు ఇప్పుడు పంజాగుట్టలో ఆసుపత్రి మంచం మీద, గొంతులో గొట్టంతో, కనురెప్ప కూడా కదపకుండా పడున్నాడు. తలకి నల్ల టోపీ. దాని లోపల మెదడు అలల్ని పట్టుకునే బిళ్ళలు. లోపలి మనిషి వింటే ట్యాబ్ మీద గీత లేవాలి.

లేవలేదు.

"అయిపాయె," అన్నాడు లెవీ, గోడకి ఆనుకుని. "డాడీ ఎప్పుడో పోయిండక్కా. మనమే ఒప్పుకుంటలేము. ఆ గొట్టం తీసేయమందాం. ఎందుకాయనకు గీ శిక్ష?"

"నోర్ముయ్. సాయంత్రం దాకా టైముంది."

సాయంత్రం డాక్టర్ ధాత్రి వస్తుంది. అప్పటికీ గీత లేవకపోతే గొట్టం తీయడానికి అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒప్పుకోవాలి. అదీ మాట. మనిషి ఉన్నాడా లేడా అన్నది ఇప్పుడు కూతురు చెప్తే చెల్లదు, కొడుకు చెప్తే చెల్లదు. గీత చెప్పాలి.

ఆ గీతని కనిపెట్టింది ఆండ్రూ. మైత్రీవనంలో కోడింగ్ నేర్చుకుని, ఆ వెనక సందులోనే ఓ ఇరుకు గదిలో ఈ టోపీ తయారుచేశాడు. జ్ఞానరాజు క్వయర్‌లో టెనర్, అంటే మగవాళ్ళ పై గొంతు, పాడుతూ పెరిగినవాడు. వస్తువు ఇంకా పరీక్షలోనే ఉంది. వార్డులో రెండే టోపీలు. రెండోది పచ్చ తెర అవతల మంచం మీదున్న కుసుమకుమారికి పెట్టారు. ట్యాబ్ ఒక్కటే, ఆండ్రూ దాన్ని ఈ మంచానికీ ఆ మంచానికీ మోసుకు తిరుగుతాడు. ఒకసారికి ఒక టోపీతోనే దానికి లింక్ కలుస్తుంది.

కుసుమకుమారి నోట మాట విని నెలలైంది. టోపీ పెట్టడానికి ఫోన్‌లో ఒప్పుకున్న మేనల్లుడు ఇంతవరకూ మొహం చూపించలేదు. అలాంటివాళ్ళకి ఫోన్లుంటాయి, కాళ్ళుండవు.

తెర పక్కకి జరిపి ఆయా మంగవ్వ తల బయటపెట్టింది. చేతిలో తడిగుడ్డ.

"మస్తు పాడుతున్నవ్ బిడ్డా. గీ అమ్మకు సుత టోపీ పెట్టిన్రు గాని, పాడెటోళ్ళే లేరు. జర గట్టిగ పాడు, ఈమెకు సుత ఇనవడ్తది."

"ఎవరవ్వా ఆమె?"

"కాకినాడ దిక్కట. ఏం పని జేసెనో ఏమో, ఎడమ చేతిల రెండే రెండు వేళ్ళకు కాయలు గాసినయ్. బీడీలు చుట్టిందో, బట్టలు కుట్టిందో." మంగవ్వ తెర లాగేసుకుంది.

అంతలో ట్యాబ్ నల్లబడింది.

"అబ్బా, లింక్ తెగింది." ఆండ్రూ విసుక్కుంటూ ట్యాబ్ మీద టపటపా నొక్కాడు. "వైరు లేదు కదా, అప్పుడప్పుడు గిట్లనే సతాయిస్తది. ఆఁ... దొరికింది. పాడక్కా."

నవోమి గొంతు బొంగురుపోయింది. "నాతోని అయితలేదు. లెవీ, నువ్వు పాడు."

"నేనా?" లెవీ చేదుగా నవ్వాడు. "నన్ను క్వయర్‌లకెల్లి గెంటిందే డాడీ. 'పాటను చంపుతున్నవ్ రా, పొయ్యి కుర్చీలు సర్దు' అన్నడు, అందరి ముందట. యాదికుందా?"

"ఉంది. పాడు."

ఆ రోజు నుంచి లెవీ చర్చిలో కుర్చీలే సర్దాడు. నోరు తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు. రెండో చరణంలో గొంతు ఎక్కాల్సిన చోట ఎక్కలేదు. అప్పటిలాగే పక్కకి జారింది.

గీత నిలువునా లేచింది.

ఆండ్రూ కుర్చీ వెనక్కి పడింది. "మళ్ళా! అదే లైన్ మళ్ళా పాడన్నా!"

లెవీ పాడాడు. అదే చోట తప్పాడు. అదే చోట గీత లేచింది. నవోమి బొంగురు గొంతుతోనే ఆ చరణాన్ని తప్పు లేకుండా పాడింది. గీత నిమ్మళంగా సాగింది. లెవీ అందుకుని తప్పగానే మళ్ళీ ఎగిరింది, కొట్టడానికి ఎత్తిన చెయ్యిలా.

పుర్రెలో ఉన్నది గుప్పెడు మాంసం. కళ్ళు మూసుకుపోయాయి, నోరు మూసుకుపోయింది, డాక్టర్లు చేతులెత్తేశారు. అయినా ఆ చీకట్లో కూర్చుని ఒక ప్రాణం పాట వింటోంది. ఒక్క స్వరం వెంట్రుకవాసి జరిగితే ఓర్చుకోలేకపోతోంది!

"తిడుతుండక్కా!" లెవీ ఏడుస్తూ నవ్వుతున్నాడు. "డాడీ నన్ను తిడుతుండు!"

ధాత్రి వచ్చింది. నమ్మలేదు. లెవీ చేత మళ్ళీ పాడించింది. గీత లేచిన ప్రతిసారీ ఆమె ముఖం చిన్నపిల్ల ముఖమైపోయింది.

"ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదండీ," అంది మెల్లగా. "గొట్టం మాట ఇంక నేను ఎత్తను. ముందు స్కాన్‌కి తీసుకెళ్దాం. ఆండ్రూ, టోపీ తీయండి."

ఆండ్రూ జ్ఞానరాజు తల మీంచి టోపీని రెండు చేతులతో తీసి గుండెకి అదుముకున్నాడు. లెవీ మాత్రం ఆపలేదు. ఏళ్ల తరబడి మింగిన పాట, ఎవడు ఆపగలడు? ఆ చరణం మళ్ళీ వచ్చింది. మళ్ళీ తప్పాడు.

ట్యాబ్ మీద గీత నిలువునా లేచింది.

ఆండ్రూ చేతిలోని ఖాళీ టోపీని చూశాడు. లెవీ గొంతు మధ్యలో తెగింది. తెర అవతల నుంచి మంగవ్వ కేక పెట్టింది.

"డాక్టరమ్మా, జల్ది రా!"

నవోమి వెళ్ళి పచ్చ తెర లాగింది.

కాయలు కాసిన ఆ రెండు వేళ్ళు దుప్పటి మీద వీణ వాయిస్తున్నాయి.