బుధవారం గుడ్డు

ఫిబ్రవరి పన్నెండు, బుధవారం. హన్మకొండలోని ఆ బడిలో పదో తరగతి పిల్లలకు సాయంత్రం ప్రత్యేక తరగతుల వేళ ఉడికించిన గుడ్డు పెట్టారు. ఇంట్లో ఎవరూ గుడ్డు ముట్టని భరత్‌కు ఎప్పటిలాగే అరటిపండు ఇచ్చారు. అతను తొక్క తీసేలోగా వినయ్ వచ్చి మీద పడ్డాడు.

మొదటి గుద్దుకే భరత్ పెదవి చిట్లింది. రెండో గుద్దుకు బెంచీతో సహా వెల్లకిలా పడ్డాడు. వినయ్ అతని ఛాతీ మీద కూర్చొని, మెడ నొక్కిపట్టి, తన గుడ్డును నోట్లో కుక్కాడు. నెత్తురూ పచ్చసొనా కలిసి తెల్ల చొక్కా మీద కారాయి.

"సార్! వినయ్ చంపుతాండు సార్!" నవ్య అరిచింది.

లెక్కల మాస్టారు కిషన్‌రావు వచ్చి విడదీసేసరికి గుడ్డు కడుపులోకి పోయింది.

హెడ్మాస్టర్ బెత్తం తీశాడు. "ఎందుకు కొట్టినవ్‌రా?"

"అరటిపండుతోని ఏం బలమొస్తది సార్? గుడ్డే బలమని మీరే చెప్పిండ్రు గద."

బెత్తం వీపు మీద విరిగింది.

ఫోన్ అందగానే భరత్ తండ్రి వెంకట్రాజం మిర్చి యార్డు నుంచి వచ్చాడు. వస్తూనే వినయ్ చెంప పగలగొట్టాడు.

"గుడ్డు పేరెత్తితేనే మా అమ్మ తానం జేస్తది. నా కొడుకు నోట్ల కుక్కుతవార? వీనికి టీసీ ఇచ్చి పంపుండ్రి సార్!"

నెల దాటితే పరీక్షలు. ఇప్పుడు టీసీ ఇస్తే వినయ్ చదువు అక్కడికే ఆగిపోతుంది. అయినా వాడు మాట మార్చలేదు.

భరత్ వచ్చి తన తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. "వద్దు బాపూ! వాని బతుకు ఆగమైతది. నేను మాఫ్ చేసిన."

వెంకట్రాజం కళ్లు చెమ్మగిల్లాయి. "ఎంత మంచి గుణం రా నీది! ఫికర్ చెయ్యకు బిడ్డా. బలవంతంగ కుక్కితె పాపం నీకెట్ల అంటుతది? ఇంటికొచ్చి పసుపునీళ్లు పోసుకుంటె అయిపాయె."

టీసీ మాట అంతటితో పోయింది. వెంకట్రాజం తిరిగి యార్డుకు వెళ్లిపోయాడు.

చీకటి పడింది. పిల్లలంతా వెళ్లిపోయారనుకొని కిషన్‌రావు స్టాఫ్‌రూం తలుపు వేయబోతూ ఆగాడు. వరండా చివర వినయ్ చెంపకు భరత్ తడి రుమాలు అద్దుతున్నాడు.

"బాగ నొస్తాందారా?"

"మీ బాపుది చెయ్యా, రోకలా?"

"జర ఓర్చుకో. వచ్చే బుధవారం మాత్రం పెదవి మీద గుద్దకురా. ఇయ్యాల మంటకు గుడ్డు రుచే తెల్వలే."

కిషన్‌రావు చప్పుడు కాకుండా తలుపు మూసి, అటు చూడకుండానే తాళం వేశాడు.