పక్క సీటు

"ఇందులో కారుంది, క్లచ్చుంది, బ్రేకుంది. మనిషేదమ్మా?" అంటూ జర్నలిజం లెక్చరర్ కాగితాలు బల్ల మీద తన విద్యార్థిని వైపు తోసేశాడు.

మన అమ్మాయి ముఖం మాడిపోయింది. ఊరంతా బ్రేకు మేడమ్ అని పిలిచే డ్రైవింగు స్కూలు యజమానురాలి మీద కథనం రాయడం ఇది రెండోసారి. ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన ఆవిడ, తను మాత్రం ఎప్పుడూ స్టీరింగు పట్టదట. పక్క సీట్లోంచి కదలదట. అదెందుకో తప్ప, కార్ల రంగుల దగ్గర్నుంచి హారన్ల మోత దాకా అన్నీ రాసుకొచ్చింది.

"పరిచయం లేని మనిషి చేత ఎవరికీ చెప్పని మాట చెప్పించమన్నాను. అది వచ్చేదాకా ఆవిణ్ణి వదలొద్దు. పగటి బ్యాచీ సాయంత్రం బ్యాచీ కలిపి ఒక్క కథనమే ఆదివారం పేపరుకి వెళుతుంది," అన్నాడాయన.

సాయంత్రం బ్యాచి గురించి ఆమెకు బెంగ లేదు. వాళ్ళంతా ఉద్యోగాలూ వ్యాపారాలూ చూసుకుంటూ సరదాకి చదివేవాళ్ళు. వాళ్ళ ముఖాలైనా ఆమె చూసి ఎరగదు. బెంగంతా ఇంట్లో ఉంది. ఈ టర్ము ముగిసేలోగా పేపర్లో ఆమె పేరు పడాలని నాన్న తేల్చి చెప్పేశాడు. పడితే ఇష్టమొచ్చినంత చదువుకోవచ్చు. పడకపోతే కిక్కురుమనకుండా అకౌంట్స్ కోర్సులో చేరాలి. నాన్న మాటంటే రాతి మీద గీత, అమ్మ కూడా చెరపలేదు.

ఆ మధ్యాహ్నమే తిన్నగా డ్రైవింగు స్కూలుకి పోయింది. ఇన్నాళ్ళూ ఆఫీసు గదిలో కూర్చుని అడిగితే, మేడమ్ ఫోన్లు మాట్లాడుకుంటూ ముక్తసరిగా జవాబిచ్చేది. అందుకని ఈసారి కారు నేర్చుకుంటానని చేరిపోయింది. కార్లో ఇద్దరే ఉంటారు, ఇక ఎక్కడికి పారిపోతుంది?

తీరా కూర్చున్నాక తెలిసింది, పారిపోలేనిది తనేనని. ఎదురుగా లారీ వస్తుంటే చేతులు కొయ్యబారిపోయాయి.

"మాట్లాడుతూ నడుపు. మాట్లాడితే చేతులు వదులవుతాయి," అంది మేడమ్.

"మీరు స్టీరింగు ఎందుకు పట్టరు మేడమ్?"

"చెబుతాగానీ, గేరు మార్చు. ఇంతకీ ఈ పేపరు పిచ్చి నీకెక్కడ పట్టుకుంది?"

అలా మొదలైంది. రోజూ ఆమె ఒక ప్రశ్న వేయడం, మేడమ్ గేరు మార్చమనో అద్దం చూడమనో అనడం, ఆ సందులో ఆవిడే నాలుగు ప్రశ్నలు వేయడం. పెద్దవాళ్ళందరికీ ఉండే ఆరాలు తీసే జబ్బే అనుకుంది మన అమ్మాయి. నాన్న షరతు చెప్పింది. ఆయన సరిగ్గా ఏమన్నాడో ఆయన మాటల్లోనే చెప్పమంటే అదీ చెప్పింది. సాయంత్రం ఆరు కావస్తుంటే మాత్రం, ఎంత మాటలో ఉన్నా, ఏదో రాచకార్యం ఉన్నట్టు మేడమ్ కారు ఆపించి దిగమనేది.

ఒకరోజు వంతెన మీద ఇంజను ఆగిపోయింది. వెనకాల హారన్లు, తిట్లు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"రేపట్నుంచి మానేస్తావా?" అంది మేడమ్.

"మీ జవాబు రాబట్టేదాకా మానను," అంటూ తాళం తిప్పింది.

"అంత పట్టుదల దేనికమ్మాయ్? నాన్న కోసమా?"

ఆ అడగడంలో ఏముందోగానీ, ఎవరికీ చెప్పని మాట నోటి వెంట వచ్చేసింది. చిన్నప్పుడు ఆమె రాసిన వ్యాసం బడి పత్రికలో పక్క బెంచీ పిల్ల పేరుతో అచ్చయింది. అందరూ ఆ పిల్లను పొగుడుతుంటే తనూ చప్పట్లు కొట్టింది. ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ మంట ఇంకా ఆరలేదు.

"ఇది నలుగురికీ తెలిస్తే నామోషీ కాదూ?"

"తెలిస్తే తెలియనీండి. ఈసారి మాత్రం అచ్చులో నా పేరే ఉండాలి."

వంతెన దిగాక మేడమ్ తనంతట తనే అంది. "స్టీరింగు పట్టుకుంటే రోడ్డు తప్ప ఏమీ కనిపించదమ్మాయ్. పక్కన కూర్చుంటే మనిషి కనిపిస్తాడు. నాకు మనుషుల్ని చూడటం ఇష్టం. అంతే."

మన అమ్మాయికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఇంటికి పోయి రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. లెక్చరర్ చదివి, ఇప్పుడు మనిషి కనిపిస్తోంది, ఇక ఎడిటరుగారి ఇష్టం అన్నాడు. ఎందుకో ముసిముసిగా నవ్వాడు కూడా. ఆయన నవ్వగా చూడటం ఆమెకు అదే మొదలు.

ఆదివారం ఆమె లేచేసరికే నాన్న పేపరు పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయన కళ్ళలో తడి ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఆ బడి పత్రిక సంగతి నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

ఆమె బిత్తరపోయింది. తన కథనంలో ఆ సంగతి రాయనేలేదు.

"మాటంటే మాటే. నీ పేరు పడింది. ఒకచోట కాదు, పేరా పేరాకీ ఉంది. నీ ఇష్టమొచ్చినంత చదువుకో."

ఆమె పేపరు అందుకుని చూసింది. 'స్టీరింగు వదలని పిల్ల' అని పెద్దక్షరాల్లో శీర్షిక. దాని కింద, రాసినవాళ్ళ పేరుండే చోట, బ్రేకు మేడమ్ అసలు పేరు, ఆ పక్కనే చిన్నక్షరాల్లో: జర్నలిజం విద్యార్థిని, సాయంత్రం బ్యాచి.