బండల మీద అరోవానా

నీళ్లు మార్చడానికి నాగవేణి గాజుతొట్టి మూత తీయగానే, రెండు మూరల అరోవానా చేప ఎగిరి బండల మీద పడింది. మొగుడు ప్రాణంగా పెంచుకుంటున్న చేప. అతనేమో జమ్మలమడుగు పోయాడు.

కేక విని అత్త రామేశ్వరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె గొంతు వింటేనే నాగవేణికి వణుకు.

"సూస్తాండావేంది? ఎత్తు!"

"తోకతో కొడతాంది అత్తా. నాకు భయం."

తిట్లు పడతాయనుకుంది. రామేశ్వరమ్మ తడిగుడ్డ తీసుకుని దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"నాకూ శానా భయమే నాగవేణీ. నేనెప్పుడన్నా ఈ తొట్టి పక్కకొచ్చినానా? తల నువ్వు పట్టు, తోక నేను పడతా."

ఇద్దరూ కళ్లు మూసుకుని ఎత్తారు. నీళ్లలో పడిన చేప పక్కకు ఒరిగి, కదల్లేదు.

"బతుకుతాదా?" అంటూ అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"తెలీదు అత్తా."

కాసేపటికి మొప్పలు ఆడాయి. చేప నిటారుగా ఈదసాగింది. రామేశ్వరమ్మ మాత్రం కోడలి చెయ్యి వదల్లేదు.