పద్నాలుగు గంటల దూరం

అత్తగారి వజ్రాల హారం కొట్టేసే ముందు పెద్దల్లుడు రెండు విమానాశ్రయాల మధ్య దూరం కొలిచాడు. పదకొండు వేల కిలోమీటర్లు. ఎక్కడా దిగకుండా ఎగిరినా పద్నాలుగు గంటలు. లోకంలో తెలివంతా తనకే రాసిచ్చినట్టు మురిసిపోయాడు.

పథకం ఏమంత గొప్పది కాదు. మీసం గొరిగేస్తే తమ్ముడు అచ్చం తనలాగే ఉంటాడు. వాడికి తన పాస్‌పోర్టిచ్చి, ఆ దూరపు ఊళ్ళో హోటల్లో దిగి కెమెరాలకి కనబడి రమ్మన్నాడు. ఇంటిల్లిపాదీ దద్దమ్మ అని పిలిచే ఆ తమ్ముడు, ఎందుకని కూడా అడగలేదు. శుక్రవారం సాయంత్రం అత్తగారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళగానే అల్లుడు బీరువా ఖాళీ చేశాడు. తమ్ముడు తిరిగొచ్చి పాస్‌పోర్టు చేతిలో పెట్టి, “పని శుభ్రంగా అయిందన్నయ్యా” అన్నాడు.

వారం తిరక్కుండా స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. అల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని దర్జాగా వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్లో రెండు ఊళ్ళ పేర్లు ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొడుతున్నాడు. మూలన ఎవరో ఇద్దరు కొత్తవాళ్ళు కూర్చున్నారు.

“శుక్రవారం మీరు ఊళ్ళోనే ఉన్నారని నా అనుమానం, అల్లుడుగారూ.”

“అనుమానాలెందుకు, దూరం చూసుకోండి. ఆ పూట నేనక్కడ హోటల్లో ఉన్నాను.”

“అక్కడ మొహం చూపించి వెంటనే విమానమెక్కేశారేమో. వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుందటగా.”

ఇలాంటి మొద్దుని ఇన్‌స్పెక్టర్ని చేసిన మహానుభావుడెవడో అనుకున్నాడు అల్లుడు. “తోస్తే ఓ గంట కలిసొస్తుంది. అంతేగానీ గాలికి కొట్టుకొచ్చెయ్యడానికి నేను గాలిపటాన్నా?”

“రెండుచోట్లా గడియారాలు వేరు కదా. అక్కడేమైనా తిరకాసుందేమో.”

“ఇక్కడ సాయంత్రమైతే అక్కడ పొద్దున. గడియారం మారుతుంది, ప్రయాణం మారదు.” చిన్నపిల్లాడికి ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు.

“పోనీ, ఆ హోటల్లో ఉన్నది మిమ్మల్ని పోలినవాడెవడైనా అయ్యుంటాడా? బాగా ఆలోచించుకుని చెప్పండి.”

తెలివి ఎక్కువైనవాళ్ళకి నోరు కూడా ఎక్కువే గనక అల్లుడు వెంటనే అందుకున్నాడు. “ఆలోచించేదేముంది? మొహం నాది, పాస్‌పోర్టు నాది. ఆ పూటంతా గది గడప కూడా దాటలేదు.”

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చి కంప్యూటర్ కట్టేశాడు. “సరే, ఒప్పుకున్నాను. మీరిక్కడ లేరు. హారం విషయంలో ఇక మీ జోలికి రాను.”

అల్లుడు కాలరు సవరించుకుని లేచాడు. మూలనున్న ఇద్దరూ లేచారు. వాళ్ళలో ఒకడు వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“వీళ్ళు ఆ ఊరి పోలీసులు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఆ పూట మీ గదిలో ఎవరినో గొంతు నులిమి చంపేశారట. చంపింది మీరు కాదు బాబూ, మీరు ఇక్కడ హారం కొట్టేస్తున్నారని పొద్దుట్నుంచీ వీళ్ళతో మొత్తుకుంటున్నాను.”